స్మాల్ బ్లాక్ షెవీకి టైమింగ్ చైన్ పెట్టాలా, గేర్ డ్రైవ్ పెట్టాలా?

డల్లాస్ చుట్టుపక్కల పాత అమెరికన్ కార్లు కొనుక్కుని వీకెండ్ వస్తే గరాజ్‌లో దూరే మనవాళ్లు ఈమధ్య బాగానే పెరిగారు. కమారో, నోవా, పాత పికప్, ఏదైనా సరే, చాలావాటి బానెట్ కింద ఉండేది షెవర్లే స్మాల్ బ్లాక్ 350. ఆ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడుని, వాల్వ్‌లు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కి అందించేది టైమింగ్ చైన్. చైన్ బదులు పళ్ల చక్రాలు పెడితే గేర్ డ్రైవ్. ఇంజన్ ముందు కవర్ విప్పేదాకా ఎవరికీ ఏ సందేహమూ ఉండదు. విప్పాక మాత్రం అందరూ నన్ను ఒకటే అడుగుతారు: "అన్నా, గేర్ డ్రైవ్ వేసేద్దామా? చైన్ తెగుతుందంట కదా!" ఫోన్‌లో పదిసార్లు చెప్పిందే ఇక్కడ ఒక్కసారి రాస్తున్నాను. (చైనా, గేర్లా అని స్పీకర్‌లో మాట్లాడుతుంటే మా ఆవిడ "పార్టులు చైనావి కొనకండి" అంది. ఆ సలహా కూడా తీసిపారేసేది కాదు.)

నా అభిప్రాయం ముందే చెప్తాను. రోడ్డు మీద తిరిగే కారుకి మంచి డబుల్ రోలర్ చైన్ చాలు. గేర్ డ్రైవ్ కొనేవాళ్లలో ఎక్కువమంది కొనుక్కునేది దాని చప్పుడు. చప్పుడు ఇష్టమైతే తప్పేమీ లేదు, కాకపోతే దేనికి డబ్బు పెడుతున్నారో తెలిసి పెట్టండి. ఏది వేసినా, బిగించిన పద్ధతి తప్పితే రెండూ దండగే.

ఏది ఎవరికి

మీ కారులో కంపెనీ వేసిన పాత సెట్ ఇంకా ఉంటే అది బహుశా సైలెంట్ చైన్. దాని క్యామ్ గేర్ అల్యూమినియంది, పళ్ల మీద నైలాన్ తొడుగు ఉంటుంది. చప్పుడు రాకూడదని అలా చేశారు. ఏళ్ల తరబడి వేడి నూనెలో నాని ఆ నైలాన్ పెళుసుబారి విరుగుతుంది. నా మొదటి 350 ఆయిల్ పాన్ దించినప్పుడు అడుగున గోధుమరంగు ముక్కలు కనిపించాయి, నూనెలో వేగిన శనగపప్పు బద్దల్లాగా. పది పన్నెండు అరచేతిలో వేసుకుని చూశాను. మిగతావి ఆయిల్ పంప్ జాలీకి అతుక్కుని ఉన్నాయి. చైన్ పళ్లు దాటితే వచ్చే నష్టం ఒకటైతే, జాలీ మూసుకుపోయి బేరింగ్‌లకు నూనె అందకపోవడం ఇంకొకటి. ఈ సెట్ మీ కారులో ఉంటే ఎలాగూ మార్చాల్సిందే. మళ్లీ అలాంటిదే మాత్రం కొనకండి.

డబుల్ రోలర్ చైన్‌లో రెండు వరుసల రోలర్లు, ఇనుప గేర్లు ఉంటాయి. చప్పుడు దాదాపు ఉండదు, పాత కవర్ కిందే సాధారణంగా పడుతుంది. క్రాంక్‌షాఫ్ట్ మెలితిరుగుడులో పుట్టే అదురుని కొంత తనలోనే ఆపుకుంటుంది. లోపమల్లా ఒకటే, కాలం గడిచేకొద్దీ సాగుతుంది. సాగితే క్యామ్ టైమింగ్ వెనకబడి, కింది ఆర్‌పీఎమ్‌లో లాగుడు తగ్గుతుంది.

గేర్ డ్రైవ్ సాగదు. క్రాంక్, క్యామ్ గేర్ల మధ్య ఇడ్లర్ గేర్లు ఉంటాయి. పీట్ జాక్సన్ పేరుతో వచ్చేవాటిలో రెండు ఇడ్లర్లు జంటగా తేలుతూ కూర్చుంటాయి. నాయిజీ రకమైతే దూరంగా పిండిమర ఆడుతున్నట్టు ఒక కూత వస్తుంది, సూపర్‌చార్జర్ పెట్టారేమో అనుకుంటారు. క్వయట్ రకం అంటే తక్కువ చప్పుడని అర్థం, నిశ్శబ్దమని కాదు. క్రాంక్ అదురు ఏ మెత్తదనమూ లేకుండా నేరుగా క్యామ్‌కి, వాల్వ్‌లకి వెళ్తుంది.

గేర్ డ్రైవ్ వద్దని నేను గట్టిగా చెప్పే సందర్భాలు రెండున్నాయి. మొదటిది, నాక్ సెన్సర్ (పెట్రోల్ అకాలంగా మండి కొట్టే చప్పుడు, అంటే నాకింగ్, కనిపెట్టే పరికరం) ఉన్న ఇంజన్. 1980ల చివరి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్‌ని పాత కారులో పెట్టుకున్నవాళ్లు జాగ్రత్తగా వినండి. గేర్ల మోతను సెన్సర్ నాకింగ్ అనుకుంటుంది, కంప్యూటర్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ పోతుంది. మీరేమో కార్బన్, పెట్రోల్ అని వెతుకుతుంటారు. రెండోది, ఇంజన్ చప్పుడు విని జబ్బు పట్టుకునే అలవాటున్నవాళ్లు. లిఫ్టర్ టిక్ టిక్ అన్నా, బేరింగ్ కొట్టుకున్నా ఆ కూతలో కలిసిపోతుంది. రాడ్ బేరింగ్ పోతున్న సంగతి నాకు అలాగే ఆలస్యంగా తెలిసింది.

గేర్ డ్రైవ్ నిజంగా పనికొచ్చే చోటు కూడా ఉంది. ఎక్కువ ఆర్‌పీఎమ్‌లో, గట్టి వాల్వ్ స్ప్రింగ్‌లతో పరిగెత్తించే ఇంజన్‌కి క్యామ్ టైమింగ్ కదలకుండా ఉండటం ముఖ్యం. మెయిన్ బేరింగ్ లైన్ హోన్ చేయించిన (బేరింగ్ రంధ్రాలు ఒకే వరుసకి వచ్చేలా సానబట్టించిన) బ్లాక్ అయితే క్రాంక్ కాస్త పైకి జరిగి మామూలు చైన్ వదులవుతుంది. దానికి కాస్త పొట్టి చైన్ సెట్లు విడిగా దొరుకుతాయి, తేలే ఇడ్లర్లయినా సర్దుకుంటాయి. బెల్ట్ డ్రైవ్ అని మూడోది ఉంది. అదురుని అన్నిటికంటే బాగా ఆపుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. రేసులకి సరే, గుడికి వెళ్లొచ్చే నోవాకి అక్కర్లేదు.

"మా తాతగారి మహీంద్రా జీపులో గేర్లే ఉండేవి, యాభై ఏళ్లు నడిచింది" అని కొందరంటారు. నిజమే, ఆ హరికేన్ ఇంజన్‌లో టైమింగ్ గేర్లే. కానీ అక్కడ క్రాంక్ గేర్, క్యామ్ గేర్ ఒకదాన్నొకటి నేరుగా కరుచుకుంటాయి, క్యామ్ ఎదురు దిశలో తిరుగుతుంది, ఆ క్యామ్‌ని చేసిందే అందుకు. పళ్లు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి మోత తక్కువ. షెవీ వి8లో క్యామ్ క్రాంక్ తిరిగే వైపే తిరగాలి. అందుకే మధ్యలో ఇడ్లర్లు వచ్చాయి, వాటితో పాటు చప్పుడూ వచ్చింది.

విప్పకముందే చూడండి: పాత చైన్ ఎంత సాగింది?

స్పార్క్ ప్లగ్‌లు తీసేయండి, వాటికి కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీయండి. లోపల తిరిగే ముక్కే రోటర్. క్రాంక్‌ని బ్యాలెన్సర్ (క్రాంక్ ముందు చివర ఉండే, టైమింగ్ గుర్తు గీసిన బరువైన చక్రం) బోల్టు దగ్గర బ్రేకర్ బార్‌తో గడియారానికి ఎదురు దిశలో, రోటర్ కదిలేదాకా తిప్పి ఆపండి. టైమింగ్ గుర్తు ఎక్కడుందో రాసుకోండి. ఇప్పుడు మెల్లగా గడియారం దిశలో తిప్పుతూ ఇంకొకరిని రోటర్ చూడమనండి. రోటర్ కదిలీ కదలగానే ఆపి మళ్లీ గుర్తు చూడండి. రెండింటి మధ్య తేడాయే మీ చైన్ వదులు. నా లెక్కలో 4 డిగ్రీల లోపు ఫర్వాలేదు, 6 దాటితే సెట్ ఆర్డర్ పెట్టండి, 10 దాటితే మార్చేదాకా కారు బయటికి తీయకండి. ఎదురు దిశలో తిప్పేటప్పుడు క్రాంక్ బదులు బోల్టే ఊడుతుంటే ఆపి, ఫ్లైవీల్ వైపు నుంచి తిప్పండి.

కావలసినవి

కొత్త టైమింగ్ సెట్, టైమింగ్ కవర్ గ్యాస్కెట్, ముందు సీల్, ఆయిల్ పాన్ ముందు సీల్, వాటర్ పంప్ గ్యాస్కెట్లు. పాన్ ముందు సీల్ 1974 దాకా సన్నది, 1975 నుంచి 1985 దాకా మందం. కారు మోడల్ సంవత్సరాన్ని నమ్మకండి, ఇంజన్ ఎప్పుడో మారి ఉండొచ్చు. పాతదాని పక్కన పెట్టి చూసి కొనండి.

పనిముట్లలో బ్యాలెన్సర్ పుల్లర్, బ్యాలెన్సర్ ఎక్కించే టూల్, గేర్ పుల్లర్, టార్క్ రెంచ్ కావాలి. ఆటో పార్ట్స్ షాపుల్లో పుల్లర్లు డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు. డిగ్రీ వీల్, డయల్ ఇండికేటర్, పిస్టన్ స్టాప్ మాత్రం కొనుక్కోండి లేదా స్నేహితుడి దగ్గర తెచ్చుకోండి. ఇవి లేకుండా గేర్ డ్రైవ్ పెట్టడమంటే కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించుకోవడమే. ఇంకా నీలం థ్రెడ్‌లాకర్, ఆర్‌టీవీ సీలెంట్, పిల్లలు ఆడుకునే క్లే ముద్ద, కొత్త ఆయిల్, ఫిల్టర్.

పని మొదలు

1. బ్యాటరీ నెగటివ్ తీయండి. చల్లటి ఇంజన్ మీదే కూలెంట్ దించండి. ఫ్యాన్, బెల్టులు, రేడియేటర్, వాటర్ పంప్ తీయండి. పంప్ వచ్చాక బ్లాక్‌లోని రెండు నీటి రంధ్రాల్లో గుడ్డ కుక్కండి. లేకపోతే కవర్ తీసిన తర్వాత ఆ నీళ్లు మెల్లగా ఆయిల్ పాన్‌లోకి కారతాయి.

2. క్రాంక్ పుల్లీ విప్పి, బ్యాలెన్సర్‌ని పుల్లర్‌తోనే లాగండి. పుల్లర్ బోల్టులు బ్యాలెన్సర్ మధ్య భాగంలోని రంధ్రాల్లోకి వెళ్లాలి. అంచు పట్టుకుని లాగే మూడు కాళ్ల పుల్లర్ వాడితే లోపలి రబ్బరు తెగి బయటి రింగ్ జారుతుంది, అప్పుడు టైమింగ్ గుర్తు అబద్ధం చెప్తుంది. కొన్ని పాత ఇంజన్లలో మధ్య బోల్టే ఉండదు. క్రాంక్‌లో మర లేకపోతే తిరిగి ఎలా ఎక్కించాలో విప్పకముందే మెషీన్ షాపుతో మాట్లాడుకోండి.

3. ఆయిల్ పాన్ ముందు బోల్టులు తీసి, పక్కలవి కొంచెం వదులు చేయండి. కవర్ బోల్టులు పది. అన్నీ తీశాక కవర్‌ని కింది సీల్ దగ్గర వంకర పోకుండా నెమ్మదిగా లాగండి. పాన్ లోపలికి టార్చ్ వేసి చూడండి. నైలాన్ ముక్కలు కనిపిస్తే పాన్ మొత్తం దించి జాలీ శుభ్రం చేయాలి. ఇక్కడ బద్ధకించొద్దు.

4. క్రాంక్ తిప్పుతూ రెండు చుక్కలు ఎదురెదురుగా వచ్చేలా చేయండి: క్రాంక్ గేర్ చుక్క పైన 12 గంటల దగ్గర, క్యామ్ గేర్ చుక్క కింద 6 గంటల దగ్గర. ఒక ఫొటో తీసుకోండి. ఈ స్థితిలో డిస్ట్రిబ్యూటర్ రోటర్ ఒకటో సిలిండర్ వైపు ఉండదు, ఆరో సిలిండర్ వైపు ఉంటుంది. సరిగ్గానే ఉంది, ముట్టుకోకండి.

5. క్యామ్ గేర్ మూడు బోల్టులు విప్పి గేర్, చైన్ కలిపి తీయండి. ఇక్కడి నుంచి కొత్తది ఎక్కేదాకా క్రాంక్ గానీ క్యామ్ గానీ తిప్పకండి, వాల్వ్ పిస్టన్‌కి తగలొచ్చు. క్రాంక్ గేర్‌ని పుల్లర్‌తో తీయండి.

6. కొత్త క్రాంక్ గేర్‌ని ఓవెన్‌లో 200 ఫారన్‌హీట్ దగ్గర అరగంట పెడితే సులువుగా జారుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకోండి. గేర్ మీద మూడు కీవేలు (గేర్‌ని క్రాంక్ మీద జారకుండా పట్టే కీ కూర్చునే గాడులు) ఉంటే మూడు గుర్తులు కూడా ఉంటాయి: సున్నా డిగ్రీలు, ముందుకు 4, వెనక్కి 4. ఏ కీవే వాడితే దాని గుర్తున్న పన్నే క్యామ్ చుక్కకి ఎదురుగా ఉండాలి. ఒక కీవే వాడి ఇంకోదాని గుర్తు పట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. ముందు సున్నా కీవేతో మొదలుపెట్టండి.

7. చైన్ అయితే నూనెలో నానబెట్టి, క్యామ్ గేర్‌కి వేలాడదీసి, చుక్కలు కలిసేలా క్రాంక్ గేర్ మీదికి దించండి. క్యామ్ మీదికి గేర్‌ని బోల్టులతో సమంగా లాగి కూర్చోబెట్టండి. సుత్తి వాడకండి. క్యామ్ వెనక్కి జరిగితే బ్లాక్ వెనకున్న ప్లగ్ ఊడుతుంది, నూనె క్లచ్ వైపు కారుతుంది. అది సరిచేయాలంటే గేర్‌బాక్స్ దించాలి. గేర్ డ్రైవ్ అయితే ఇడ్లర్లు ఎక్కించే వరుస కిట్‌తో వచ్చిన కాగితంలో ఎలా ఉంటే అలాగే చేయండి. ఇడ్లర్ చేత్తో కదిలిస్తే స్వేచ్ఛగా కదలాలి, ఎక్కడా పట్టేయకూడదు. గేర్ల మధ్య సందు కూడా ఆ కాగితంలో ఇచ్చిన కొలత లోపలే ఉండాలి.

8. క్యామ్ బోల్టులకి నీలం థ్రెడ్‌లాకర్ రాసి 18 నుంచి 20 ఫుట్ పౌండ్లు బిగించండి. చేత్తో క్రాంక్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పండి. చుక్కలు మళ్లీ ఎదురెదురుగా రావాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలం పెట్టకండి, వెనక్కి తిప్పి కారణం వెతకండి.

డిగ్రీ చూసుకోవడం

చుక్కలు కలిశాయి కదా అని చాలామంది ఇక్కడే కవర్ మూసేస్తారు. గేర్‌లో, కీవేలో, క్యామ్‌లో తలా ఒక డిగ్రీ తేడా ఉన్నా, అన్నీ ఒకే వైపు కలిస్తే మూడు డిగ్రీలవుతుంది.

డిగ్రీ వీల్‌ని క్రాంక్‌కి బిగించి, తీగ ముక్కతో ఒక పాయింటర్ చేసుకోండి. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ పెట్టి, పిస్టన్ ఆనేదాకా ఒకవైపు, తర్వాత రెండోవైపు మెల్లగా తిప్పండి. ఒకవైపు 20, ఇంకోవైపు 24 వస్తే, రెండు వైపులా 22 వచ్చేలా పాయింటర్ సర్దండి. ఇప్పుడు వీల్ మీద సున్నా నిజమైన టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. స్టాప్ తీసేయండి. మర్చిపోయి స్టార్టర్ కొడితే పిస్టన్‌కి చిల్లే.

ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ రాకర్ తీసి, పుష్‌రాడ్ పైన డయల్ ఇండికేటర్ పెట్టండి. స్ప్రింగ్ బరువు ఉండదు కాబట్టి హైడ్రాలిక్ లిఫ్టర్ కూడా కుంగదు. క్రాంక్ తిరిగే దిశలో తిప్పి పుష్‌రాడ్ గరిష్ఠంగా లేచినచోట డయల్ సున్నా చేయండి. వెనక్కి బాగా తిప్పి, మళ్లీ ముందుకు వస్తూ గరిష్ఠానికి 0.050 అంగుళం ముందు వీల్ చదవండి, తర్వాత అటువైపు 0.050 దిగాక చదవండి. ఉదాహరణకి 78, 138 వచ్చాయనుకోండి. కలిపి సగం చేస్తే 108. క్యామ్ కార్డు (క్యామ్‌తో వచ్చే కొలతల కాగితం) మీద 106 ఉంటే మీ క్యామ్ 2 డిగ్రీలు వెనకబడి ఉందన్నమాట. రోడ్డు కారుకి 1 డిగ్రీ తేడా వదిలేయొచ్చు. 2 ఉంటే నేనైతే ఇంకోసారి కొలుస్తాను. 4 దగ్గరికి వస్తే కీవే మార్చాలి. కార్డు లేని పాత క్యామ్ అయితే, ముందు చుక్క ఒక పన్ను తప్పలేదని నిర్ధారించుకుని సున్నా కీవేలోనే ఉంచేయండి.

మూయడం

9. కవర్ లోపల క్లే చిన్న ముద్దలుగా అంటించి, గ్యాస్కెట్ పెట్టి నాలుగు బోల్టులతో బిగించి, క్రాంక్ తిప్పి, మళ్లీ తీసి చూడండి. క్లే పూర్తిగా నలిగి లోహం కనిపించినచోట గేర్ గానీ చైన్ గానీ కవర్‌ని గీస్తుంది. గేర్ డ్రైవ్‌కి ఇది తప్పనిసరి, డబుల్ రోలర్‌కి కూడా చూసుకోండి. కొత్త కవర్ కొంటే టైమింగ్ ట్యాబ్ (డిగ్రీల గీతలున్న రేకు) మీ బ్యాలెన్సర్ వ్యాసానికి, గుర్తు ఉన్న చోటుకి సరిపోవాలి. 1969 ప్రాంతంలో ఆ గుర్తు స్థానం మారింది.

10. కొత్త సీల్ లోపలి పెదవికి నూనె రాయండి. కవర్, పాన్, బ్లాక్ మూడూ కలిసే రెండు మూలల్లో ఆర్‌టీవీ చిన్న చుక్క పెట్టండి. నూనె కారేది ఎప్పుడూ అక్కడి నుంచే. కవర్ బోల్టులు 6 నుంచి 8 ఫుట్ పౌండ్లు. రేకు కవర్ కాబట్టి అంతకు మించితే వంగుతుంది.

11. బ్యాలెన్సర్‌ని ఎక్కించే టూల్‌తో లాగి కూర్చోబెట్టండి, బోల్టు 60 ఫుట్ పౌండ్లు. బోల్టుతోనే లాగాలని చూస్తే క్రాంక్ మరలు పోతాయి. బ్లాక్‌లో కుక్కిన గుడ్డలు తీశాకే వాటర్ పంప్ ఎక్కించండి, 30 ఫుట్ పౌండ్లు. ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

స్టార్ట్ చేసే ముందు, చేశాక

ఎక్కువమంది పడే గుంట ఇది, నేనూ పడ్డాను. చుక్కలు ఎదురెదురుగా ఉండగా రోటర్ ఆరో సిలిండర్ వైపు చూస్తుంటే కంగారుపడి, డిస్ట్రిబ్యూటర్ పీకి సగం చుట్టు తిప్పి పెట్టాను. తాళం తిప్పగానే కార్బరేటర్ నోట్లోంచి మంట లేచింది. పైకి వంగి ఉన్నందుకు చేతి మీద వెంట్రుకలు కాలాయి, కనుబొమలు ఎలాగో మిగిలాయి. డిస్ట్రిబ్యూటర్‌ని ముట్టుకోకపోతే అది ఉన్నచోటే సరిగ్గా ఉంటుంది. ఒకవేళ తీసుంటే, క్రాంక్ ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. బ్యాలెన్సర్ గుర్తు సున్నా దగ్గర, ఒకటో సిలిండర్ వాల్వ్‌లు రెండూ మూసుకుని ఉండాలి. అప్పుడు రోటర్ ఒకటో వైరు వైపు ఉండాలి. సిలిండర్లు మండే వరుస 1-8-4-3-6-5-7-2.

స్టార్ట్ అయ్యాక మొదట ఆయిల్ ప్రెషర్ చూడండి. తర్వాత డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం తీసి మూసి టైమింగ్ లైట్ పెట్టండి. ఐడిల్‌లో 8 నుంచి 12 డిగ్రీలు, ఆర్‌పీఎమ్ పెంచాక మొత్తం 34 నుంచి 36 దగ్గర ఉంటే ఈ ఇంజన్‌కి సరిపోతుంది. లైటులో గుర్తు నిలకడగా కనిపించాలి. పాత చైన్‌తో అటూ ఇటూ ఊగిన గుర్తు ఇప్పుడు రాయిలా నిలబడిందంటే పని కుదిరినట్టే. ఇంకా ఊగుతుంటే చైన్‌ని అనుమానించే ముందు డిస్ట్రిబ్యూటర్ బుష్ చూడండి.

గేర్ డ్రైవ్ పెట్టినవాళ్లు మొదటి రోజే ఐడిల్‌లోనూ, 2000 ఆర్‌పీఎమ్ దగ్గరా ఫోన్‌లో చప్పుడు రికార్డ్ చేసి దాచుకోండి. నెల తర్వాత "ముందు నుంచీ ఇలాగే ఉందా?" అనే సందేహం వస్తుంది, అప్పుడు పోల్చుకోవచ్చు. కూత సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. మధ్యలో టకటకమని కొట్టుకుంటే ఇడ్లర్ సందు ఎక్కువైందేమో చూడాలి.

500 మైళ్లు తిరిగాక ఆయిల్ మార్చి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. వెండి పొడి కొద్దిగా ఉంటే ఫర్వాలేదు, కొత్త పళ్లు ఒరుసుకున్నది. గోటికి తగిలే ముక్కలుంటే మళ్లీ కవర్ విప్పాల్సిందే. గ్యాస్కెట్లు రెండో సెట్ ముందే కొనిపెట్టుకోండి.